కెర్రీ తీరంలో నాలుగు రోజులు: ఐర్లండు వెళ్ళే మనవారి కోసం

డబ్లిన్‌లోనో కార్క్‌లోనో పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాలు మన సభ్యుల్లో ఈమధ్య పెరిగాయి. వేసవిలో వాళ్ళ దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు నన్ను అడిగేది ఒకటే: "డబ్లిన్ కాక ఇంకొక్కచోటు చూడాలంటే ఏది చూడమంటారు?" కెర్రీ చూడండి అంటాను. అక్కడి కౌంటీ అంటే దాదాపు మన జిల్లా. దేశానికి నైరుతి మూలన, అట్లాంటిక్ మహాసముద్రంలోకి వేళ్ళు చాచినట్టుండే ద్వీపకల్పాలతో ఉంటుంది. జిల్లా కేంద్రం ట్రలీ, యాత్రికులు ఎక్కువగా దిగేది కిలార్నీలో. నాలుగు రోజులు పెట్టుకోండి. ఎందుకు నాలుగో కింద చెబుతాను.

ముందు కాగితాల సంగతి. ఐర్లండు షెంగెన్ దేశాల్లో లేదు. ఫ్రాన్స్‌కో జర్మనీకో తీసుకున్న వీసా అక్కడ పనికిరాదు. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి కిలార్నీకి రైలుంది, చాలా రైళ్ళకు మల్లో జంక్షన్‌లో మారాలి. అబ్బాయో అమ్మాయో కారు నడిపితే మనలాగే ఎడమవైపు ప్రయాణమే. కాకపోతే పల్లె రోడ్లు మరీ ఇరుకు, పక్కనే రాతిగోడలు. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం కాబట్టి గొడుగు కంటే రెయిన్‌కోటు మేలు. గాలికి గొడుగు నిలవదు. జూన్ నెలలో రాత్రి పది దాకా వెలుతురుంటుంది.

కిలార్నీ ఊరిని ఆనుకునే జాతీయ వనం. మక్రాస్ ఎస్టేటు యజమానుల కుటుంబం దాన్ని 1932లో ప్రభుత్వానికి ఇచ్చేయగా ఐర్లండులో ఏర్పడిన మొదటి జాతీయ వనం ఇది. పదివేల హెక్టార్లకు పైబడిన విస్తీర్ణంలో మూడు సరస్సులు, ఓక్ చెట్ల అడవి, ఎర్ర జింకలు ఉన్నాయి. 1981లో యునెస్కో దీన్ని బయోస్ఫియర్ రిజర్వుగా గుర్తించింది. మోకాళ్ళ నొప్పులున్నవారు జాంటింగ్ కారు అనే గుర్రబ్బండి ఎక్కవచ్చు. బండి తోలేవాణ్ణి జార్వీ అంటారు. ఎంతవుతుందో ఎక్కకముందే మాట్లాడుకోండి, ఆ విషయంలో అన్ని దేశాలూ ఒకటే. మక్రాస్ భవనం, టార్క్ జలపాతం, సరస్సు ఒడ్డున రాస్ కోట, వీటికి మొదటి రోజు సరిపోతుంది.

రింగ్ ఆఫ్ కెర్రీ అనే 179 కి.మీ. చుట్టు రోడ్డు గురించి అందరూ చెబుతారు. టూరు బస్సులు ఒక్క పగటిలో తిప్పేస్తాయి. మా ఆవిడ ఫొటో కోసం చేతిసంచిలోంచి ఫోను తీసేలోపు బస్సు కదిలేది. సొంత కారుంటే ఆ దారి చివర పోర్ట్‌మగీ దగ్గర రాత్రి ఆగండి. అక్కడ వంతెన దాటితే వలెన్షియా దీవి. ఐరోపాను అమెరికాతో కలిపిన మొదటి టెలిగ్రాఫ్ తీగ 1858లో ఇక్కడి నుంచే సముద్రం అడుగున వేశారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. మూడు వారాల్లో ఆ తీగ పాడైపోయింది. నిలబడినది 1866లో వేసిన తీగ. జీవితమంతా ఆఫీసు తంతులు, రిమైండర్లతో గడిపిన నాకు పదహారు గంటలు పెద్ద ఆలస్యంగా తోచలేదు.

పోర్ట్‌మగీ నుంచే స్కెల్లిగ్ మైకేల్ పడవలు బయలుదేరుతాయి. ఒడ్డుకు 12 కి.మీ. దూరంలో, సముద్రంలోంచి 218 మీటర్లు నిటారుగా లేచిన కొండ. వెయ్యేళ్ళకు ముందే క్రైస్తవ సన్యాసులు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టుకున్న గుండ్రటి గుడిసెలు పైన ఇప్పటికీ ఉన్నాయి. 1996 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. స్టార్ వార్స్ సినిమాలు తీశాక గిరాకీ మరీ పెరిగింది. పడవలకు పరిమితి ఉంది, దిగనిచ్చేది వేసవి నెలల్లోనే, నెలల ముందే టికెట్ కొనాలి. కొన్నా కూడా అల ఎక్కువగా ఉంటే ఆ రోజు పడవ కదలదు. మాకు అదే జరిగింది. నాలుగు రోజులన్నది ఇందుకే: స్కెల్లిగ్ పెట్టుకున్నవారు ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి.

ఇంకొక మాట నిర్మొహమాటంగా చెబుతాను. పైకి ఆరువందల పైచిలుకు రాతి మెట్లు, ఎగుడుదిగుడు, మరుగుదొడ్డి లేదు. 2009లో ఇద్దరు సందర్శకులు జారిపడి చనిపోయారు. గుండె జబ్బు, తలతిరుగుడు ఉన్నవారు పిల్లల బలవంతం మీద ఎక్కకండి. దిగకుండా చుట్టూ తిప్పి తెచ్చే పడవలున్నాయి. వేలాది తెల్లటి గానెట్ పక్షులు కాపురమున్న చిన్న స్కెల్లిగ్‌నూ అవి చూపిస్తాయి.

చివరి రోజు డింగిల్ ద్వీపకల్పానికి. మన పత్రిక చదివేవారు దీన్ని మాత్రం వదలకూడదు. ఇందులో పడమటి భాగం గేల్టఖ్ట్, అంటే ఐరిష్ భాష ఇంకా ఇంటి భాషగా ఉన్న ప్రాంతం. మిగతా దేశంలో బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి, ఇక్కడ ఐరిష్‌లోనే. డన్‌క్విన్ వెళ్ళాలంటే బోర్డు మీద 'డూన్ ఖీన్' వెతుక్కోవాలి. 2005లో ప్రభుత్వం డింగిల్ ఊరి పేరును కూడా అన్ డాంగన్ అని మాత్రమే ఉంచింది. భాష మీద ప్రేమ ఉన్నా, యాత్రికులు దారి తప్పుతారని ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. బోర్డుల మీద డింగిల్ అని తామే రాసుకున్నారు. 2006లో ఓటింగు పెడితే నూటికి తొంభై మందికి పైగా రెండు పేర్లూ కావాలన్నారు. 2011లో చట్టం చేసి డింగిల్, డాంగన్ ఈ ఖూష్ రెండూ ఇచ్చారు. స్టేషను బోర్డు మీద మన లిపిలో ఒక్క వరుస కోసం అర్జీలు రాసిన చేతికి ఇది చదవడానికి వింతగానే ఉంటుంది.

స్లే హెడ్ చుట్టు రోడ్డు సుమారు 47 కి.మీ. గడియారం ముల్లు తిరిగే దిశలోనే వెళ్ళండి, ఎదురుగా బస్సు వస్తే తప్పుకునే చోటుండదు. దారిలో గలరస్ ప్రార్థనా మందిరం బోర్లించిన పడవలా ఉంటుంది. అదీ సున్నం లేని రాతి కట్టడమే, ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా వాన లోపలికి కారదు.

డూన్ ఖీన్ రేవుకు మూడు మైళ్ళ దూరంలో గ్రేట్ బ్లాస్కెట్ దీవి. ఎన్నడూ రెండు వందల జనాభాకు చేరని ఈ దీవి నుంచి ఐరిష్ సాహిత్యంలో పేరున్న ముగ్గురు రచయితలు వచ్చారు. తోమాస్ ఓ క్రిహన్ బడిలో చదివింది ఇంగ్లీషే. తన భాషను చదవడం, రాయడం నలభై ఏళ్ళ వయసులో నేర్చుకున్నాడు. ఆయన ఆత్మకథ 1929లో వచ్చింది. పెగ్ సేయర్స్‌కు సొంత భాష రాయడం రాదు, ఆమె చెబుతుంటే కొడుకు రాసుకున్నాడు. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడుతూ చదవలేని పిల్లలు నాకు అక్కడ గుర్తుకొచ్చారు.

యువకులు అమెరికా వెళ్ళిపోతూ వచ్చారు. 1946 చివర ఒక యువకుడికి మెదడువాపు వస్తే, తుఫానులో డాక్టరు దాటి రాలేక చనిపోయాడు. మరుసటి ఏడాది తిండి అయిపోయిందని ప్రధానమంత్రి డి వలేరాకు దీవి నుంచి టెలిగ్రాం పోయింది. 1953లో మిగిలిన కొద్దిమందిని ఒడ్డుకు తరలించారు. ఇప్పుడు పైకప్పు లేని ఇళ్ళు, ఇసుకలో సీల్ జంతువులు. వేసవిలో పడవలు వెళతాయి. రేవుకు దిగే దారి బాగా వాలు, కర్ర ఉంటే తీసుకెళ్ళండి. పడవ లేకపోతే ఒడ్డునే ఉన్న బ్లాస్కెట్ కేంద్రానికి వెళ్ళండి. 1993లో కట్టారు. పెద్ద కిటికీలోంచి దీవి కనిపిస్తుంది. దీవి మనుషుల ఫొటోలు, వాళ్ళ పుస్తకాలు ఉన్నాయి. రెండు గంటలైనా కేటాయించండి.

శాకాహారులకు పల్లెల్లో దొరికేది ఎక్కువగా కూరగాయల సూపు, సోడా బ్రెడ్డు. చారుపొడి, అటుకులు వెంట ఉంచుకోండి. డింగిల్ రేవులో ఫంగీ అనే డాల్ఫిన్‌ను చూపిస్తారని పాత గైడు పుస్తకాల్లో ఉంటుంది. అది 2020 అక్టోబరు నుంచి కనిపించడం లేదు. రేవు దగ్గర కంచు బొమ్మ మాత్రం ఉంది, మనవళ్ళు దాని మీదెక్కి ఫొటో దిగుతారు.