బేస్ అంటే డీజే బాక్సు కాదబ్బయ్యా



ఈ రోజు నిమ్మ రేటు గురించి కాదు, వరి తెగులు గురించీ కాదు. మొన్న గుడి దగ్గర అనుకున్న ఒక మాట గురించి రాస్తున్నా. కొంచెం పొడుగే. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

తిరునాళ్లకి ఏం పెడదామని అందరం కూర్చున్నాం. కుర్రోళ్లంతా ఒకే మాట, "డీజే పెడదాం, బేస్ అదిరిపోవాల" అని. నేను ఊరుకోకుండా, "బేస్ అంటే ఏందిరా?" అని అడిగా. ఒకడు నవ్వి, "అదే మామా, గుండెల్లో దబ్బు దబ్బు అంటుందే, ఆ పెద్ద బాక్సు" అన్నాడు.

వాడి తప్పేం లేదు. వాడికి ఊహ వచ్చేసరికే మన వైపు చేత్తో బేస్ వాయించే మనిషి లేకుండా పోయాడు. నేను ఇంటర్ అయ్యాక కొన్నేళ్లు గూడూరు వైపు ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించానని వాడికి తెలీదు. మీలో కూడా సగం మంది మర్చిపోయుంటారు. పాటగాడు గుర్తుంటాడు, డ్రమ్స్ వాయించేవాడు గుర్తుంటాడు, వెనకాల నిలబడ్డ బేస్ వాడు ఎవరికి గుర్తుంటాడు? అందుకే దాని కథ ఒకసారి రాసి పెడదామనిపించింది.

ముందు అసలు బేస్ అంటే ఏందో చెప్తా. పాటలో అడుగున పోయే లావు శబ్దమే బేస్. ఇది దొరల నుంచి కొత్తగా నేర్చుకున్నదేం కాదు. మృదంగం చూడండి. కుడి పక్క సన్నంగా పలుకుద్ది, ఎడమ పక్క లావుగా. ఆ ఎడమ మూతకి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అతికిస్తారు. బరువు పడితే శబ్దం కిందికి దిగుద్ది. అదే బేస్. భజనలో ఎడమ చెయ్యి సరిగ్గా పడకపోతే పాట గాల్లో తేలినట్టు ఉంటుంది, గమనించారా?

బేస్ గిటార్‌కి మామూలుగా నాలుగే తీగలు. అన్నిటికంటే లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు ఊగుద్ది. మామూలు గిటార్ లావు తీగ 82 సార్లు. శబ్దం ఎంత లావుగా ఉంటే దాని అల అంత పొడుగు. ఈ 41 అల పొడుగు గాల్లో 8 మీటర్ల పైమాటే, అంటే సుమారు 27 అడుగులు. అంత పొడుగు అలని ఇంటి గోడ ఆపలేదు. పక్క ఊళ్లో పాట పెడితే మాటలు వినపడవు గానీ దబ్బు దబ్బు మాత్రం మన మంచం దాకా వచ్చేది అందుకే.

ఇప్పుడు చరిత్రకి వస్తా. మొదట్లో ఈ పని డబుల్ బేస్ చేసేది. వయొలిన్ లాగే ఉంటుంది గానీ మనిషంత ఎత్తు. నిలబడి వాయించాల. మద్రాసు సినిమా స్టూడియోల్లో కూడా పాత పాటలకి అదే. దాన్ని ఊరూరా మోసుకుపోవడం పెద్ద తిప్పలు. పైగా పక్కన డ్రమ్స్, బాకాలు మోగితే దీని గొంతు వినపడేది కాదు.

అమెరికాలో లియో ఫెండర్ అని రేడియోలు బాగు చేసే ఆయన ఉన్నాడు. ఆయనకి గిటార్ వాయించడం రాదు. కానీ వాయించేవాళ్ల బాధ దగ్గరుండి విన్నాడు. 1951లో భుజానికి తగిలించుకునేటట్టు కరెంటు బేస్ గిటార్ తెచ్చాడు. తీగ పొడుగు 34 అంగుళాలు. వీణకి ఉన్నట్టు మెట్లు పెట్టాడు, వేలు మెట్టు వెనక పెడితే స్వరం తప్పదు. అందుకే దానికి 'ప్రెసిషన్' అని పేరు, అంటే కచ్చితమైనది అని. అంతకు ముందు 1930లలోనే సియాటెల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన ఇలాంటిది చేశాడు గానీ అప్పుడు జనంలోకి పోలేదు. ఫెండర్‌ది పోయింది. ఆ తర్వాత వచ్చిన చాలా రాక్ బ్యాండ్లకి డ్రమ్స్, రెండు గిటార్లు, ఒక బేస్ అనే లెక్క కుదిరింది.

ఇక్కడ ఇంకో సంగతి. మా ఆర్కెస్ట్రా రోజుల్లో ఒక పెద్దాయన ఎప్పుడూ దెప్పేవాడు, "మీ సొంత పాట ఒక్కటన్నా ఉందంట్రా? ఎవుడో కట్టిన పాటలు వాయించి డబ్బులు అడుగుతారా?" అని. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. ఒకరి పాటని ఇంకొకరు వేదిక మీద వాయిస్తే దాన్ని బయట దేశాల్లో కవర్ అంటారు, అట్లా వాయించేవాళ్లని కవర్ బ్యాండ్ అంటారు. మన ఆర్కెస్ట్రా అదే. మరి ప్రపంచంలో అంత పేరున్న బీటిల్స్ ఎట్లా మొదలయ్యారనుకున్నారు? ఇంగ్లండు నుంచి జర్మనీలోని హాంబర్గ్‌కి పోయి, 1960 నుంచి 1962 మధ్య అక్కడి క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటల తరబడి వాయించారు. ఎక్కువగా వేరేవాళ్ల పాటలే. 1963లో వాళ్ల మొదటి పెద్ద రికార్డు వచ్చింది. అందులో ఉన్న 14 పాటల్లో 6 వేరేవాళ్లవి.

వాళ్లలో మొదట బేస్ వాయించింది స్టువర్ట్ సట్‌క్లిఫ్. ఆయన 1961లో బొమ్మలు వేసుకుంటానని బ్యాండు వదిలేశాడు. ఆ బేస్ పాల్ మెకార్ట్‌నీ మెడకి పడింది. ఆయనది ఎడమ చేతి వాటం. వయొలిన్ ఆకారంలో ఉండే హాఫ్నర్ బేస్ కొన్నాడు. ధర తక్కువ, ఎటు తిప్పి పట్టుకున్నా వికారంగా కనపడదు. ఆ గిటార్ 1972లో దొంగలు పడి పోయింది. యాభై ఏళ్ల తర్వాత దొరికి మళ్లీ ఆయన చేతికి చేరిందని 2024లో పేపర్లలో వచ్చింది. ఎవరికీ వద్దన్న పని మీద వేసుకున్న మనిషి దాంతోనే లోకానికి తెలిశాడు.

మన దేశంలో కూడా ఆ గాలి వీచింది. సిమ్లా బీట్ అని ఒక సిగరెట్ కంపెనీ కుర్రోళ్ల బ్యాండ్లకి పోటీలు పెట్టింది. వాటిలో వాయించిన వాళ్ల పాటలతో 1970లో, 1971లో రికార్డులు కూడా వేశారు. అదంతా పట్నాల ముచ్చట. మన పల్లెలకి ఆ గిటార్ వచ్చింది ఇంగ్లీషు పాటల దోవన కాదు, సినిమా పాట దోవన.

అందులో మన జిల్లా మనిషి చెయ్యి ఉంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు మన నెల్లూరు వారే, నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. బాలు గారు కుర్రాడిగా ఉన్నప్పుడు మన గూడూరు పాటల పోటీలో రెండో బహుమతి ఇస్తే, ముఖ్య అతిథిగా వచ్చిన ఎస్. జానకి గారు మొదటిది ఈ అబ్బాయికి రావాలి కదా అన్నారంట. ఆ సంగతి బాలు గారే తర్వాత చెప్పుకున్నారు. ఇంజనీరింగ్ చదవమని పంపితే ఆయన పాట వదల్లేదు. మద్రాసులో ఒక లైట్ మ్యూజిక్ ట్రూపు నడిపారు. ఆ ట్రూపులో గిటార్, ఆ తర్వాత హార్మోనియం వాయించింది ఎవరనుకున్నారు? ఇళయరాజా గారు. అన్న భాస్కర్ తాళవాద్యాలు, తమ్ముడు గంగై అమరన్ గిటార్, ఇంకా అనిరుద్ధ గారు హార్మోనియం. వాళ్లు వాయించినవి కూడా అప్పటికే జనం విన్న సినిమా పాటలే. ఇద్దరు మహానుభావులూ కవర్ బ్యాండ్‌లో చెయ్యి తిప్పుకున్న వాళ్లే. ఆ పెద్దాయన బతికుంటే ఇప్పుడు పోయి చెప్పేవాణ్ణి.

ఇళయరాజా గారు 1976లో తమిళ సినిమా 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడయ్యారు. ఏ వాయిద్యం ఏం వాయించాలో అంతా తనే కాగితం మీద స్వరాలు రాసిస్తారు. బేస్‌కి కూడా. అంతకు ముందు చాలా పాటల్లో బేస్ అంటే తాళానికి తోడుగా ఒక్కో స్వరం వేసి ఊరుకోవడమే. ఈయన పాటల్లో బేస్ కూడా పాడుద్ది. పాటగాడు ఒక దోవన పోతుంటే బేస్ అడుగున ఇంకో దోవన పోయి, సరిగ్గా పల్లవి దగ్గర వచ్చి కలుస్తుంది. ఈ రాత్రి 'గీతాంజలి' (1989) పాటలు ఒకసారి చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. పాటగాణ్ణి వదిలేసి అడుగున పోయే దాన్నే పట్టుకోండి. ముప్పై ఏళ్ల నుంచి విన్న పాటలో ఇంకో పాట దొరుకుద్ది.

నేను బేస్ నేర్చుకుంది ఆ క్యాసెట్ల మీదే. గూడూరులో రైలెక్కి మద్రాసు పోయి పాత బేస్ గిటార్ ఒకటి కొన్నాం. అప్పటి ధరల్లో అది దాదాపు ఒక పుట్టి వడ్ల డబ్బు. నాయన రెండు నెలలు నాతో మాట్లాడలా. క్యాసెట్ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని, ఒక్కో స్వరం వేళ్ల మీదకి తెచ్చుకునేవాణ్ణి. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990) పాటలు వచ్చిన ఏడు వేళ్లు బొబ్బలెక్కి నాట్ల పనికి పోలేకపోయా.

బేస్ వాడి పని ఒకటే. డ్రమ్స్ వాడు కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముతో కలిసి, మొదటి దెబ్బ మీద ఆ సమయానికి పాట నిలబడ్డ స్వరాన్ని వెయ్యాల. అంతే. కానీ అది తప్పితే అందరూ తప్పుతారు. ఒకసారి పెళ్లిలో పాట మధ్యలో నా యాంప్లిఫయర్ కాలిపోయింది. పాటగాడు పాడుతున్నాడు, కీబోర్డు వాయిస్తున్నాడు, డ్రమ్స్ మోగుతున్నాయి. జనానికి ఏం జరిగిందో తెలీదు. కానీ ఎగిరే పిల్లోళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. ముందు వరసలో ఒకామె, "ఏందబ్బా, పాట పల్చబడింది?" అంది. నా జీవితంలో నాకు దక్కిన పెద్ద మెచ్చుకోలు అదే.

మరి ఎట్లా పోయింది? 1983 నుంచి ప్రపంచంలో కొత్త రకం కీబోర్డులు వచ్చాయి. యమహా డీఎక్స్7 ఆ ఏడే వచ్చింది. ఆ తర్వాత చవక రకాలు మన దాకా చేరాయి. ఎడమ చేత్తో ఒక మెట్టు నొక్కితే బేస్, తాళం అన్నీ అదే వాయిస్తుంది. మా ఆర్కెస్ట్రా ఆయన లెక్క వేశాడు. ఒక మనిషి కూలి మిగులుద్ది. ముందు నన్ను తీసేశారు. కోపం లేదు, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. ఆ రోజు వేదిక కింద నిలబడి విన్నా. పెద్ద తేడా ఎవరికీ తెలీలా. ఆ తర్వాత డ్రమ్స్ పోయి ప్యాడ్ వచ్చింది. తర్వాత గిటార్ పోయింది. తర్వాత ట్రాక్ సీడీ వచ్చి కీబోర్డు వాణ్ణి కూడా పంపేసింది. చివరికి పాటగాడు ఒక్కడు మిగిలితే, వాణ్ణి డీజే తీసేశాడు.

మన పొలంలో ఏం జరిగిందో ఇక్కడా అదే జరిగింది. పశువుల ఎరువు మానేశాం, జీలుగ చల్లడం మానేశాం. మొదటి ఏడు ఏం తేడా రాలా, పైగా ఖర్చు తగ్గింది అనుకున్నాం. తేడా తెలిసే నాటికి నేలే చచ్చుబడింది.

మా రోజుల్లో అంతా బంగారం అని మాత్రం అనను. తాటిచెట్టుకి బాకా స్పీకర్లు కట్టి తెల్లవార్లూ చంపింది మేమే. ఆ పాట వాయించు, ఈ పాట వాయించు అని తాగి కొట్టుకున్న తిరునాళ్లూ ఉన్నాయి. కానీ ఆ వేదిక మీద మన చుట్టుపక్కల ఊళ్ల పిల్లోళ్లు ఏడెనిమిది మంది ఉండేవాళ్లు. వాళ్లకి ఒక విద్య వచ్చేది, నాలుగు డబ్బులు వచ్చేవి. డీజే రాత్రికి బాక్సులు వస్తాయి, తెల్లారి బాక్సులు పోతాయి. ఊళ్లో ఏం మిగలదు, ముసలోళ్లకి గుండె దడ తప్ప. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు మోగకూడదు. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఆ లెక్కకి ఏ డీజే బాక్సూ ఆగదు, మీకూ తెలుసు నాకూ తెలుసు.

కుర్రోళ్లని నేను తిట్టడం లేదు. వాళ్లకి కావాల్సింది కూడా బేసే. గుండెల్లో ఆ దెబ్బ పడాలని మేమూ కోరుకున్నాం. కాకపోతే అది ఒక మనిషి వేళ్ల మీద నుంచి వచ్చేది. పాట ఊపిరి పీల్చుకునే చోట వాడూ ఆగేవాడు.

వచ్చే ఆదివారం గుడి దగ్గర మళ్లీ కూర్చుంటున్నాం. నేను అడిగేది ఒకటే. మూడు రాత్రుల్లో ఒక్క రాత్రి ఆర్కెస్ట్రాకి ఇద్దాం, పది గంటలకి ఆపేద్దాం. బేరం ఆడేటప్పుడు "బేస్ గిటార్ మనిషి ఉంటేనే రండి" అని నేనే చెప్తా. ఆ మనిషి కూలి తగ్గితే నా చందాలో ఇంకొంచెం కలుపుతా.

నా పాత గిటార్ ఇంకా అటక మీదే ఉంది. సముద్రపు గాలికి తీగలు తుప్పు పట్టాయి, కొత్తవి తెప్పించా. నన్ను మామా అని నవ్విన అబ్బయ్యా, ఇది చదువుతుంటే సాయంత్రం పాలు పిండినాక ఇంటికి రా. మొదటి వారం వేళ్లు నొప్పెడతాయి. తర్వాత నొప్పెట్టవు.

మీ ఊళ్లో ఆర్కెస్ట్రా ఉండేదా? బేస్ వాయించింది ఎవరో ఎవరికన్నా గుర్తుందా? ఉంటే పెద్దోళ్లని అడిగి తెలుసుకుని, ఆయన కనపడినప్పుడు ఒక మాట పలకరించండి.