తిరుగలియు కాలువనీరును

వేకువనే లేచి తిరుగలి పిడి పట్టుట గుంటూరు సీమ స్త్రీలకు తరతరములుగా వచ్చిన పని. జొన్నలు విసరినఁగాని యానాఁటి సంకటి లేదు. తిరుగలి పాటల మాధుర్యమును గూర్చి వ్యాసములు వ్రాసిన మావంటి పంతుళ్లలో గడియసేపైన నా పిడి త్రిప్పినవా రరుదు.

ఈ పనిని నీటి కప్పగించు నుపాయము క్రొత్తది కాదు. సుమారు 2000 ఏండ్లకు పూర్వమే యాంటిపేటరను గ్రీకు కవి, జలయంత్రము వచ్చుటచే విసరు స్త్రీలకు వేకువ నిద్ర దక్కెనని సంతసించి పద్యము చెప్పెను. దక్కనులో ఔరంగాబాదునందలి పన్‌చక్కి 18వ శతాబ్దము నాఁటిది. కొండ యూటల నీటిని భూమిలోని మట్టిగొట్టములద్వారా తెచ్చి, యెత్తునుండి పడవేసి, చక్రమును త్రిప్పి, దర్గాకు వచ్చు ఫకీరులకును యాత్రికులకును పిండి విసరిరి.

మన మైదానమున కిట్టి భాగ్య మేల లేకపోయెను? జలయంత్రమునకు వాలు కావలెను, ఏడాది పొడవున పాఱు నీరు కావలెను. మనది నల్లరేగడి సమతలము. వాగులు వానలకు పొంగి వేసవి కెండును. 1855లో బెజవాడయొద్ద కృష్ణ యానకట్ట ముగిసెను. ఆ కాలువలు వరిచేలను తడిపెను, పడవలను మోసెను. తిరుగలి మాత్ర మాఁడువారి చేతనే యుండెను.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. తరువాత కుడికాలువ తలయొద్ద విద్యుత్కేంద్రము వెలసెను. అందు 30 మెగావాట్ల యంత్రములు 3 కలవు. నీరు ముందు వాని చక్రములను త్రిప్పి, పిదప పల్నాటి చేలకును ప్రకాశము చేలకును పోవును. ఊరి పిండిమరకు వచ్చు విద్యుత్తులో నిట్టి నీటి పాలును గలదు. పన్‌చక్కి సూత్రమే యిది. చక్రమునకును తిరుగటిరాతికిని నడుమ నిరుసునకు బదులు తీఁగె యున్నది.

మేము బడికి పోవు త్రోవలో నొక పిండిమర యున్నది. మిరపకాయలు పట్టు దినములలో దాని ముందు తుమ్మక నడచుట కష్టము. సైకిలుపై సంచి పెట్టుకొని మగవారును వత్తురు. ఇంట తిరుగలి యున్న కాలమున వీరి తండ్రులు దానిని తాఁకియెఱుఁగరు. పని యంత్రమునకు పోయినపిదపఁగాని మగవానికి దానిలో నామోషీ తొలఁగలేదు.

ఆ కాలువనీరే మిరపతోఁటకును పాఱును. జనవరినుండి యేప్రిలువఱకు పండిన కాయను విడతలు విడతలుగా కోయవలెను. అచట చక్రము లేదు. కోయునవి కూలిస్త్రీల చేతులే. కల్లములో తాలుకాయను వేఱుచేయునదియు వారే. మంటలెత్తు నా చేతులతోనే సంచి పట్టుకొని, సాయంకాలము పిండిమరయొద్ద వరుసలో నిలుతురు.