కూలుమ్ గోడ చెంత న్యూట్రాను బదిలీ

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో ద్యూమా వీధి, సఫ్రెన్ వీధి నడచువారికి ఫ్రెంచివారి ఏలుబడి తలపునకు రాక మానదు. 1954లో ఆ ఏలుబడి ఇచ్చటను, మన యానామునందును ముగిసినది. పేర్లు మాత్రము మిగిలినవి. అట్లే షార్ల్ కూలుమ్ అను ఫ్రెంచి సైనిక ఇంజనీరు పేరు భౌతికశాస్త్రమున శాశ్వతమైనది. సజాతి విద్యుదావేశములు ఒండొంటిని నెట్టుకొనుననియు, దూరము సగమైనచో ఆ వికర్షణ నాలుగింతలగుననియు ఆయన 1785లో తెలిపెను.

1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు నడుమ కేంద్రకము గలదని చూపిన పిదప ఈ నియమమునకు క్రొత్త ప్రాముఖ్యము కలిగినది. కేంద్రకములన్నియు ధనావేశము గలవి. కావున ఏ రెండింటి నడుమనైనను కంటికి కానరాని గోడ నిలుచును. దానినే కూలుమ్ అవరోధమందురు. నైట్రోజన్ కేంద్రకమున 7 ప్రోటాన్లు గలవు. అట్టి రెండు కేంద్రకముల నడుమ వికర్షణ, అంతే దూరముననున్న రెండు ప్రోటాన్ల వికర్షణకు 49 రెట్లు.

కేంద్రకములు రెండును కలిసిపోకయే ఇచ్చిపుచ్చుకొనుట సాధ్యమా? 1956లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌నందు రెనాల్డ్స్, జకర్ అను శాస్త్రజ్ఞులు నైట్రోజన్-14 అయానులను నైట్రోజన్ మీదనే ప్రయోగించి సాధ్యమేయని చూపిరి. ఒక కేంద్రకపు న్యూట్రాను రెండవదానికి బదిలీయై, నైట్రోజన్-13, నైట్రోజన్-15 ఏర్పడినవి. నైట్రోజన్-13 రేడియోధార్మికత సుమారు 10 నిమిషములలో సగమగును; ఆ ఆనవాలే సాక్ష్యమైనది. 1934లో ఫ్రాన్సున జోలియో-క్యూరీ దంపతులు బోరాన్ నుండి కృత్రిమముగా సృష్టించినదియు ఈ నైట్రోజన్-13నే.

న్యూట్రానుకు ఆవేశము లేదు గనుక కూలుమ్ గోడ దానికి అడ్డుగాదు. దానిని పట్టియుంచునది స్వస్థానమందలి కేంద్రక బలము. రెండు కేంద్రకముల అంచులు సమీపించినప్పుడు, క్వాంటమ్ ధర్మముచే అది ఆ బంధమునకు చిల్లు పొడిచినట్లు ఆవలికి జారును. బ్రైట్, ఎబెల్ అనువారు ఆ సంవత్సరమే దీనికి సిద్ధాంతమును సమకూర్చిరి. బదిలీలకు అలవాటుపడిన మన ఉద్యోగ కుటుంబములకు ఇది తెలిసిన కథయే: ఊరు మారినది, వీడిన ఇంట లోటును, చేరిన ఇంట నిండును కలిగినవి.

ఈ విద్యకు తెలుగునాట తొలి పునాది వేసినవారిలో స్వామి జ్ఞానానందులు ముఖ్యులు. పశ్చిమ గోదావరి సీమలో 1896లో జన్మించిన ఆయన సన్న్యసించియు, న్యూట్రానును 1932లో కనుగొన్న చాడ్విక్ చెంత లివర్‌పూలున పరిశోధన చేసి, పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనాలయమును నెలకొల్పిరి. భారీ అయానుల ప్రయోగములకు అనువైన పెల్లెట్రాన్ యంత్రము ముంబయిలో 1988లో ప్రారంభమైనది. తరువాత ఢిల్లీలోను నెలకొన్నది.

రెండు న్యూట్రాన్లు జంటగా దాటునా, ఒక్కొక్కటిగానా? ఈ బదిలీలు గోడకు దిగువ శక్తులందే కేంద్రకములు కలిసిపోవుటకు ఎంతవరకు తోడ్పడును? ఈ ప్రశ్నలు నేటికిని పరిశోధకులను పనిలో నిలుపుచున్నవి. మన బిడ్డలలో కొందరైనను ఆ పనికి పూనుకొందురుగాక!