అమ్మమ్మ వాళ్లమ్మ ఇంటిపేరు

ఖానాపురం హవేలిలో నేనడిగిన ప్రతి ఇంట్లోనూ ముత్తాత పేరు తడుముకోకుండా చెప్పారు. అమ్మమ్మ వాళ్లమ్మ పేరు అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పుష్కరాలప్పుడు భద్రాచలం రేవులో తర్పణాలు వదిలేటప్పుడూ అంతే. తల్లి వైపు మాతామహి, అంటే అమ్మమ్మ, పేరు పలుకుతారు. ఆ పైన వచ్చే ఇద్దరు స్త్రీలు తాతయ్య తల్లి, తాతయ్య నాయనమ్మ. అమ్మమ్మను కన్నతల్లికి ఆ నీళ్లలో చోటు లేదు.

బయ్యారం చెరువు శాసనం చూస్తే ఇది ఇప్పటి సంగతి కాదని తెలుస్తుంది. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి ఇప్పుడు మహబూబాబాద్‌లో కలిసిన ఊరది. ధర్మకీర్తి సముద్రం పేరుతో ఆ చెరువు తవ్వించింది కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ. కాకతీయుల తొలి పూర్వీకుల పేర్లు చాలావరకు మనకు తెలిసింది ఆ ఆడపడుచు చెక్కించిన రాతి వల్లనే. అయినా అందులో వంశక్రమం వెన్నడితో మొదలై మగవాళ్ల మీదుగానే నడుస్తుంది. అదే వంశంలో రుద్రమదేవి కూతురు ముమ్మడమ్మ పేరు ఎందుకు నిలిచింది? ఆమె కొడుకు ప్రతాపరుద్రుడు అమ్మమ్మ గద్దె ఎక్కాడు కనుక. ఆస్తి ఏ దారిన పోతే పేరూ ఆ దారినే పోయింది.

అడవి వైపు జ్ఞాపకం రాతి మీద కాదు, గొంతులో ఉంది. కోయల ఇలవేల్పుల కథలనూ వంశాలనూ డోలు మీద చెప్పే కళాకారుల్లో సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు పాడే సమ్మక్క సారలమ్మలు తల్లీకూతుళ్లు. కోయలు, చెంచుల మీద 2003లో వెలువడిన జన్యు పరిశోధన, తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే డీఎన్‌ఏను చదివి, తెగలకూ కులాలకూ మూలాలు చాలావరకు ఉమ్మడివేనని తేల్చింది. రక్తం అంత దూరం చెప్పగలదు కానీ ఒక్క పేరు చెప్పలేదు.

పేర్ల కోసం కాగితాలు వెతకాలంటే ఇక్కడ చిక్కు రెట్టింపు. ఖమ్మం అప్పట్లో నిజాం రాజ్యం. భద్రాచలం 1874 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లా. 1959లో గానీ ఖమ్మంలో కలవలేదు. అటు పుట్టి ఇటు మెట్టిన పిల్ల పుట్టుక ఒక ప్రభుత్వం దగ్గర, కాపురం మరో ప్రభుత్వం దగ్గర. 1954–55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ తిరగేస్తే పట్టాదారులు దాదాపు అందరూ మగవాళ్లే. పసుపు కుంకుమ కింద కూతురికిచ్చిన ఎకరం కూడా చాలాచోట్ల అల్లుడి పేరునే ఎక్కింది. మేనరికాలు ఇంకో ముడి: మేనమామను చేసుకున్న పిల్లకు అమ్మమ్మే అత్త.

నాకు దారి చూపింది మా అమ్మమ్మ ఇత్తడి బిందె. మెడ కింద చుక్కలుగా పొడిచిన అక్షరాలు చింతపండుతో తోమీ తోమీ అరిగిపోయాయి. సుద్దపొడి రుద్ది, ఎండకు ఏటవాలుగా పట్టుకుంటే పేరు ముందున్న ఇంటిపేరు అక్షరం తేలింది. తాతయ్యది కాదు. అమ్మమ్మ పుట్టింటిదీ కాదు. ఆ బిందె అమ్మమ్మకు పుట్టింటివాళ్లు కొనిపెట్టిన సారె కాదన్నమాట. వాళ్లమ్మ తన పుట్టింటి నుంచి తెచ్చుకుని, కూతురు కాపురానికి వెళ్లేటప్పుడు చేతికిచ్చింది.