వెట్టి, చట్టం, అధికారి: ఎస్.ఆర్. శంకరన్ పై కొన్ని ఆలోచనలు

నెక్కొండ వైపు ఊళ్ళల్లో 'జీతం ఉండుడు' అంటే ఉద్యోగం అని అర్థం కాదు. పెళ్ళికో చావుకో దొర దగ్గర తెచ్చిన అప్పు కింద మాదిగ, మాల ఇండ్ల పిల్లగాడు ఏండ్లకేండ్లు పశువుల కాడ, బాయికాడ పడి ఉండటమే జీతం. తండ్రి చస్తే అప్పు కొడుకు మెడకు చుట్టుకుంటది. వరంగల్ జిల్లాలోనే కాదు, తెలంగాణ అంతటా ఇదే తంతు. ఈ బాకీని కొట్టేసే చట్టం ఒకటి దేశంలో ఉందనీ, దాన్ని అమలు చెయ్యబోయిన ఒక పెద్ద అధికారి కుర్చీ కదిలిందనీ మనలో చాలామందికి తెలియదు. అందుకే శంకరన్ గురించి రాస్తున్నాం.

1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా వెట్టి కార్మిక వ్యవస్థ రద్దయింది. అది ఎమర్జెన్సీ కాలం. సమ్మె చేసినవాణ్ణి జైల్లో పెట్టిన రాజ్యమే ఈ చట్టం తెచ్చింది. ఆ వైరుధ్యం సంగతి వేరే రాయాలి. చట్టంలోని పదును చూడండి. వెట్టి కింద ఉన్న అప్పు మొత్తం రద్దు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసింది జీతగాడు కాదు, అప్పిచ్చినవాడు. వెట్టి చేయించుకుంటే మూడేళ్ళ దాకా జైలు. ప్రతి జిల్లాలో, ప్రతి సబ్‌డివిజన్‌లో ఒక విజిలెన్స్ కమిటీ ఉండాలి, అందులో ముగ్గురు ఎస్సీ, ఎస్టీలు సభ్యులుగా ఉండాలి.

తంజావూరు ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో 1934లో పుట్టిన శంకరన్ 1957లో ఐఏఎస్‌లో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. నెల్లూరులో కలెక్టరుగా చేశారు. కేంద్రంలో మోహన్ కుమారమంగళం దగ్గర బొగ్గు గనుల జాతీయీకరణ పనిలో ఉన్నారు. తరువాత రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శి అయ్యారు. మాకు ముఖ్యమైన ఘట్టం ఇదే. ఆయన సెక్రటేరియట్‌లో కూర్చుని సర్క్యులర్లు పంపి ఊరుకోలేదు. వాడలకు పోయి, జీతగాళ్ళను కూర్చోబెట్టి, "మీ బాకీ చెల్లదు" అనే సంగతి చెప్పించారు. ఇందులో విప్లవం ఏమీ లేదు, ఉన్న చట్టమే. కాని ఊళ్ళల్లో అది తిరుగుబాటులాగే వినబడింది. 1978లో మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక, కూలీలను రెచ్చగొడుతున్నాడన్న నింద ఆయన మీద పడిందనీ, ఆయన సెలవు మీద పోవలసి వచ్చిందనీ సహోద్యోగులు తరువాత రాశారు. ఆ తరువాత ఆయన నృపేన్ చక్రవర్తి ప్రభుత్వంలో త్రిపుర ప్రధాన కార్యదర్శి. చట్టం తెచ్చినవాళ్ళకు చట్టం అమలైతే భయం!

తిరిగి వచ్చాక మళ్ళీ సాంఘిక సంక్షేమమే. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ ఆయన్నూ తోటి అధికారులనూ ఎత్తుకుపోయింది. జైల్లో ఉన్న నక్సలైట్లను ప్రభుత్వం వదిలిపెట్టాకనే వీళ్ళు బయటపడ్డారు. కేంద్ర గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా 1992లో రిటైరయ్యారు.

రిటైరయ్యాక గవర్నరు గిరీ వెతుక్కునే అధికారులను చూశాం. ఈయన 1997లో పౌర స్పందన వేదికకు కన్వీనరయ్యారు. కన్నబిరాన్, హరగోపాల్, పొత్తూరి వెంకటేశ్వరరావు వంటివాళ్ళు తోడున్నారు. ఎన్‌కౌంటర్ పేరుతో పోలీసులు చంపితే ప్రభుత్వాన్ని నిలదీశారు. ఇన్‌ఫార్మర్ అని నక్సలైట్లు చంపితే వాళ్ళకూ ఉత్తరం రాశారు. రెండు వైపుల నుంచీ లేచే శవాలు ఎక్కువగా మన వాడలవే కాబట్టి ఈ పని విలువ మనకు తెలుసు. 2004 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన చర్చల వెనుక ఈ ఏడేళ్ళ కృషి ఉంది. అక్కడ భూమి ప్రశ్న బల్ల మీదికొచ్చింది. 2005 జనవరికల్లా చర్చలు చెడిపోయాయి. అదే ఏడాది ఇచ్చిన పద్మభూషణ్‌ను ఆయన వద్దన్నారు.

బెజవాడ విల్సన్‌తో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్‌లోనూ చివరిదాకా నడిచారు. పాకీ పని లేనేలేదని ప్రభుత్వాలు బొంకుతుంటే, పొడి దొడ్లను ఒక్కొక్కటే లెక్కబెట్టి చూపించడం ఆ ఉద్యమ పద్ధతి. 2003లో వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2014 మార్చి 27న వచ్చింది. మురుగు కాలువల్లో చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలన్నది అందులోదే. దాన్ని ఆయన చూడలేదు, 2010 అక్టోబరు 7న కన్నుమూశారు.

పెన్షన్ డబ్బు దళిత పిల్లల చదువులకు ఇచ్చేవారన్న కథనే జనం ఎక్కువ చెప్పుకుంటారు. అది నిజమే గాని, ఆయన్ను దాతను చేస్తే మనకు ఒరిగేది లేదు. అగ్రకులంలో పుట్టిన ఒక మంచి అధికారి బదిలీతో ఆగిపోయే చట్టం, చట్టం ఎట్లా అవుతుంది? ఆ కమిటీలో ముగ్గురికి చోటు పెట్టింది ఆయన దయ కాదు, పార్లమెంటు శాసనం. నెక్కొండ మిత్రులు చెయ్యదగ్గ పని ఒకటి ఉంది. నర్సంపేట ఆర్డీవో ఆఫీసులో, వరంగల్ కలెక్టరేట్‌లో 2005 సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు వెయ్యండి: విజిలెన్స్ కమిటీ ఉందా? ఆ ముగ్గురు ఎవరు? చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు?