డౌన్ సిండ్రోమ్: పేరు మారడానికి పట్టిన నూరేళ్ళు

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను తెచ్చినప్పుడు మా తల్లాడ వైపు తల్లిదండ్రులు తరచుగా అడిగే తొలి ప్రశ్న, ‘మేనరికం వల్ల వచ్చిందా డాక్టరుగారూ?’ అని. కాదు. గ్రహణం వల్ల కాదు, తల్లి తిన్న తిండి వల్లా కాదు. ఈ మాట నిశ్చయంగా చెప్పడానికి వైద్యశాస్త్రానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

1866లో ఇంగ్లండులోని ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమ వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్, తన సంరక్షణలోని కొందరు పిల్లలలో ఒకే పోలికను గుర్తించి వర్ణించాడు. పరిశీలన గొప్పది, పెట్టిన పేరు తప్పు. కళ్ళ తీరును చూసి వారిని మంగోలు జాతికి ముడిపెట్టాడు. మానవులందరూ ఒకే కులమని చూపడానికే ఆయన ఆ వాదన చేశాడన్నది నిజమే. అయినా పేరు మాత్రం ఆ పిల్లలను వదలలేదు. మేము చదివిన పాఠ్యగ్రంథాలలోనూ ‘మంగోలిజం’ అనే మాట ఉండేది.

1959లో పారిస్ పరిశోధకులు అసలు కారణాన్ని ప్రకటించారు: 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటం. కణాలను పెంచి చూపిన మార్త్ గోతియేకు దక్కవలసిన కీర్తి చాలాకాలం జెరోమ్ లెజన్ ఒక్కడికే దక్కింది. నూటికి సుమారు 95 మందిలో, అండమో వీర్యకణమో ఏర్పడేటప్పుడు ఆ జత విడిపోకపోవడమే మూలం. తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది. మరో మూడు నాలుగు శాతంలో అదనపు భాగం వేరొక క్రోమోజోముకు అతుక్కొని ఉంటుంది. అది తల్లి నుండో తండ్రి నుండో రావచ్చు. కనుక మరో కాన్పును గురించి ఆలోచించే ముందు బిడ్డకు క్రోమోజోముల పరీక్ష చేయించండి.

1961లో 19 మంది నిపుణులు పాత పేరు విడనాడాలని ‘లాన్సెట్’ పత్రికకు లేఖ రాశారు. 1965లో మంగోలియా ప్రతినిధులు ప్రపంచ ఆరోగ్య సంస్థను అదే కోరారు.

పేరు కంటే పెద్ద అన్యాయం మరొకటి జరిగింది. ‘ఇటువంటి బిడ్డకు ఆపరేషను ఎందుకు?’ అన్న ధోరణి. అమెరికాలో వీరి మరణ సమయపు మధ్యస్థ వయసు 1983లో 25 ఏళ్ళు, 1997 నాటికి 49. ఆ పద్నాలుగేళ్ళలో క్రోమోజోములు మారలేదు. గుండెకు శస్త్రచికిత్స చేయడం పెరిగింది, పిల్లలను ఆశ్రమాలకు వదిలివేయడం తగ్గింది.

వీరిలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. స్టెతస్కోపుకు చప్పుడు వినిపించకపోవచ్చు. గుండె గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉంటే ఊపిరితిత్తుల రక్తనాళాలలో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ఆయాసం తగ్గి, బిడ్డ కోలుకున్నట్లు కనిపించవచ్చు. అది మోసపు సూచన. ఒత్తిడి శాశ్వతమైతే ఇక ఆపరేషను చేయలేరు. అందువల్ల పుట్టిన తొలి వారాలలోనే ఎకో పరీక్ష అవసరం. పెద్ద లోపాలను సాధారణంగా మూడు నుండి ఆరు నెలల వయసులోనే సరిచేస్తారు. ‘కాస్త పెద్దయ్యాక చూద్దాం’ అన్న సలహాను, అది ఎవరిచ్చినా, నమ్మకండి.

ఖర్చుకు భయపడనక్కరలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. 2013 నాటి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన పుట్టుక లోపాలలో డౌన్ సిండ్రోమ్ ఒకటి. మీ ఆశా కార్యకర్తను అడగండి. శిక్షణకు సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది.

బిడ్డ ఒళ్ళు మెత్తగా ఉంటుంది కనుక కూర్చోవడం, నడక ఆలస్యమవుతాయి. చాలామంది రెండేళ్ళ ప్రాంతంలో నడుస్తారు. మాట ఇంకా ఆలస్యం, కాని అర్థం చేసుకోవడం మాటకంటే ముందుంటుంది. మాట రాలేదని మాట్లాడటం మానకండి. వినికిడి, చూపు పరీక్ష చేయించండి. థైరాయిడ్ పరీక్ష పుట్టగానే, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై ఏటా చేయించాలి.