ఎర, వల, వలస: ఈమెయిల్ మోసాల చరిత్రలో శ్రీకాకుళం జిల్లా

ఉపోద్ఘాతం

కంప్యూటర్ భద్రత చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగానే రాస్తున్నారు. ఒక వైరస్ పుడుతుంది, దానికి విరుగుడు వస్తుంది, ఆ విరుగుడును దాటి మరొకటి పుడుతుంది. ఈ కథనంలో మనుషులకు రెండే పాత్రలు: దాడి చేసిన నేరస్థుడు, అజాగ్రత్తగా ఉన్న వినియోగదారుడు. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలతో కూడిన శ్రీకాకుళం జిల్లా ఈ చరిత్రలో 2017లోను, 2024లోను కనిపిస్తుంది. ఈ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూస్తే పై విభజన నిలవదని చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

ఎరకూ వలకూ భేదం

ఫిషింగ్ అనే మాట 1990ల మధ్యకాలంలో, అమెరికా ఆన్‌లైన్ సంస్థ ఖాతాదారుల పాస్‌వర్డులు కాజేసేవారి మధ్య పుట్టింది. చేపల వేట అనే అర్థమున్న ఆంగ్లపదానికే వర్ణక్రమం మార్చారు. తెలుగు పత్రికలు ‘ఎర’, ‘గాలం’, ‘వల’ అన్న మాటలను ఒకదాని బదులు మరొకటిగా వాడుతుంటాయి. భావనపాడు, బారువ తీరాల మత్స్యకారులకు ఇవి ఒకటి కావు. గాలానికి ఎర కావాలి, చేప నోరు తెరవాలి. వలకు ఆ అవసరం లేదు.

2000 మే 4న మనీలా నుంచి వ్యాపించిన ‘ఐ లవ్ యు’ అచ్చమైన ఎర. జతచేసిన ఫైలు పేరులోని చివరి భాగాన్ని విండోస్ దాచిపెట్టడంతో అది ప్రేమలేఖలా కనిపించేది. తెరిస్తే అవుట్‌లుక్ చిరునామాల పట్టికలోని అందరికీ వెళ్లేది. పంపినది పరిచయస్థుడే కావడం వల్ల దాన్ని నమ్మారు. ఫిలిప్పీన్స్‌లో అప్పటికి తగిన చట్టం లేక కేసు నిలవలేదు. భారత సమాచార సాంకేతిక చట్టం అదే ఏడాది అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. అయితే, మారుపేరుతో మోసగించడాన్ని శిక్షించే 66డీ సెక్షన్ 2008 సవరణ ద్వారా చేరి, 2009 అక్టోబరు 27 నుంచి అమలైంది. ఈలోగా నాస్కామ్ దావాలో ఢిల్లీ హైకోర్టు 2005లోనే ఫిషింగును చట్టవిరుద్ధంగా గుర్తించింది.

2017 మే 12న ప్రబలిన ‘వాన్నాక్రై’ వల. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయి. ప్రభావిత జిల్లాలుగా వార్తలకెక్కిన వాటిలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతోపాటు శ్రీకాకుళం ఉంది. తెలియని ఈమెయిళ్లు తెరవవద్దని అప్పుడు విస్తృతంగా హెచ్చరించారు. కానీ ఆ పురుగుకు ఈమెయిల్ అవసరం లేదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. ఫైళ్లు పంచుకునే విండోస్ వ్యవస్థలోని లోపం గుండా అది యంత్రం నుంచి యంత్రానికి తానే పాకింది. ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. ఇక్కడ వినియోగదారుడి అజాగ్రత్త కన్నా కార్యాలయ నిర్వహణ లోపమే పెద్దది.

వలస

రక్షణలు పెరిగేకొద్దీ ఎర చోటు మారింది. పంపినవారి డొమైన్‌ను సరిచూసే డీమార్క్ పద్ధతి 2012లో వెలువడింది. అంతకుముందే, 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణను రిజర్వ్ బ్యాంకు తప్పనిసరి చేసింది. ఆ రెండో తాళం ఓటీపీ రూపంలో మనిషి చేతికి వచ్చాక దాన్ని మనిషినే అడిగి తీసుకోవాలి. అడగడానికి గంటల తరబడి మాట్లాడే మనుషులు కావాలి. ఆగ్నేయాసియాలోని మోసాల శిబిరాలకు కూలీల అవసరం ఇక్కడే ఏర్పడింది.

జీడిపప్పు పరిశ్రమ ఉన్నా పలాస పరిసరాల నుంచి వలస ఆగలేదు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు కంబోడియా శిబిరాల వ్యవహారాన్ని బయటపెట్టినప్పుడు, బాధితుల ఊర్లలో శ్రీకాకుళం, పలాస పేర్లూ వినిపించాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు తీసుకెళ్లారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, నకిలీ ప్రొఫైళ్లతో మోసాలు చేయించారు. మే 20న సిహనూక్‌విల్‌లో వందలాది భారతీయులు తిరగబడ్డారు.

ఆ ఉద్యోగ ప్రకటనకూ 2000 నాటి ప్రేమలేఖకూ నిర్మాణం ఒకటే: నమ్మదగిన పేరు, ఆశపెట్టే పైపూత, కనిపించని చివరి భాగం. ఈమెయిలుకు డీమార్క్ ఉన్నట్టే ఏజెంటును సరిచూడటానికి 1983 వలసల చట్టం కింద నమోదు పద్ధతి ఉంది. అయితే ప్రయాణానికి ముందు తీసుకోవలసిన వలస అనుమతి 18 దేశాలకే వర్తిస్తుంది. కంబోడియా ఆ జాబితాలో లేదు. పదో తరగతి పాసైనవారికి ఆ అనుమతే అక్కరలేదు. డేటా ఎంట్రీ పేరుతో వెళ్లేవారు సహజంగా చదువుకున్నవారే.

66డీ సెక్షన్ కంప్యూటర్ ద్వారా మారుపేరుతో మోసగించినవారిని శిక్షిస్తుంది. ఎవరి బలవంతంపై ఆ సందేశం టైపు చేశారన్నది ఆ సెక్షన్ పాఠంలో లేదు. విశాఖపట్నం పోలీసులు మాత్రం ఏజెంట్లను అరెస్టు చేసి, తిరిగివచ్చిన యువకులను బాధితులుగానే పరిగణించారు.